‘బాగుంది’ అనడం మర్యాదేనా?

మన దగ్గర నాటకాల సీజన్ అంటే ఎక్కువగా పరిషత్తుల సీజనే. ఊరు ఊరికీ పోటీలు నడుస్తాయి. న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు, ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ నటుడు అంటూ బహుమతులు ఇస్తారు. మర్నాడు పేపర్ జిల్లా పేజీలో ముఖ్య అతిథుల పేర్లన్నీ వస్తాయి. చివర ‘ప్రదర్శనలు ప్రేక్షకులను అలరించాయి’ అని ఒక వాక్యం ఉంటుంది. ఏది అలరించింది, ఎక్కడ విసుగు పుట్టింది అన్నది ఎవరూ రాయరు.

ఎందుకు రాయరని నాటకాలు చూసే మిత్రులను అడిగితే జవాబు ఒకటే: “నాటకం బతకడమే గగనం. పాపం, సొంత డబ్బులు పెట్టుకుని ఆడుతున్నారు. ఇంకా మనం తప్పులు వెతకాలా?” ఈ మాటలో మనసుంది. న్యాయం ఉందా అన్నదే నా ప్రశ్న.

సమీక్ష నాటకాన్ని చంపగల చోట్లు లేకపోలేదు. 1980 నుంచి 1993 వరకు న్యూయార్క్ టైమ్స్‌లో నాటక సమీక్షలు రాసిన ఫ్రాంక్ రిచ్‌ను ‘బ్రాడ్‌వే కసాయి’ అనేవారు. ఆయన బాగోలేదంటే ఆట మూతపడుతుందని భయం. కలానికి అంత బలం ఉన్నచోట దయ గురించి మాట్లాడుకోవాల్సిందే. మన సమీక్షకు ఆ బలం ఎక్కడిది? ఒకటి రెండు ప్రదర్శనలతో ముగిసే నాటికను ఆపేదేముంది?

మా నిర్మల్‌లో బొమ్మలు కొనేవాళ్ళను చూస్తుంటాను. పొనికి చెక్కతో భాగాలు విడివిడిగా చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో అతికించి, పైన రంగులు వేస్తారు. ‘పాపం, కళ చచ్చిపోతోంది’ అని ఒక బొమ్మను చూడకుండానే సంచీలో వేసుకునేవారు కొందరు. చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, ఈ పండు రంగు పండులా లేదే అనేవారు కొందరు. మొదటివాళ్ళ వల్ల ఆ పూట గడుస్తుంది. రెండోవాళ్ళ వల్ల పనితనం నిలుస్తుంది.

పగలంతా కొట్టులో పనిచేసి రాత్రి రిహార్సల్‌కు వెళ్ళే ఒక నటుడు నాతో అన్నాడు: “మంచిగ జేసినవని అందరంటరు సార్. మూడో సీన్ల జనం ఎందుకు లేచిపోయిన్రో ఒక్కలు చెప్పరు.” మన దయ అతనికి అక్కరలేదు. మనం అతని పనిని నిజంగా చూశామా లేదా అన్నదే అతనికి కావాలి.

చిందు భాగవతం చూసే పల్లె జనానికి ఈ మొహమాటం లేదు. కథ అందరికీ తెలిసిందే. పాట నచ్చితే మళ్ళీ పాడమంటారు, నచ్చకపోతే కూర్చున్నచోటే ఒరిగి నిద్రపోతారు. నిజామాబాదు వైపు చిందు ఎల్లమ్మ మగవేషాల్లో కూడా పేరు తెచ్చుకున్నది అలాంటి జనం ముందే.

అయితే నిజం చెప్పడమంటే నోరు పారేసుకోవడం కాదు. సినిమా బాగోలేదని నేను రాస్తే, మీరూ చూసి నన్ను కాదనవచ్చు. నాటకం తెల్లారేసరికి ఉండదు, చూసినవాడి మాటే మిగులుతుంది. కాబట్టి సమీక్షకుడు ముందు సాక్షి, తర్వాతే తీర్పరి. స్టేజి మీద ఏం జరిగిందో చెప్పాకే నచ్చిందో లేదో చెప్పాలి. కొలత కూడా సరైనది ఎంచుకోవాలి: రాత్రంతా సాగే చిందును గంట నాటిక కొలతతో కొలవకూడదు. మైకు గీపెట్టడం, తెర చిరిగి ఉండడం పేదరికం, దాన్ని తప్పుల లెక్కలో వేయకూడదు. మాటలు రాక ప్రాంప్టర్ వైపు చూడడం మాత్రం తప్పే, దాన్ని దాచకూడదు.

జాలి పడేందుకు వేరే దారులున్నాయి. టికెట్టు ఉంటే కొనండి, లేకుంటే చందా ఇవ్వండి. హార్మోనియం వాయించే ఆయనకు బస్సు ఛార్జీలు పెట్టండి. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళండి. అవన్నీ చేశాక, ఇంటికొచ్చి ఒక్క పేజీ రాయండి. ఏ సీన్ దగ్గర మీ కళ్ళు చెమర్చాయో, ఏ సీన్ దగ్గర చెయ్యి జేబులో ఫోన్ కోసం వెళ్ళిందో రాయండి. ఆ నటుడు అడుగుతున్నది ఆ రెండు సంగతులే.