ఆప్తవాక్యము – వార్తాపత్రిక

కంటికి గోచరింపని దానిని గూర్చి సాక్ష్యము చెప్పుటకు ఎవ్వరికి అధికారము కలదు? ఆత్మను గూర్చియు పరలోకమును గూర్చియు మన దార్శనికులు తరతరములుగా చర్చించిన యీ ప్రశ్న నేడు జిల్లా వార్తలు వ్రాయు విలేఖరికి సంప్రాప్తమైనది. ఎండ ప్రత్యక్షము, తుపాను ప్రత్యక్షము. కాని దశాబ్దముల కొలతలను సరిచూచినగాని తెలియరాని శీతోష్ణస్థితి మార్పును ఏ విలేఖరియు కన్నులార చూచి యుండలేదు.

2015 వేసవిలో వడగాడ్పులకు దేశమున రెండువేలమందికి పైగా మరణింపగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులే. అట్టి దినములలో జిల్లా పుటలు తిరుగవేసినచో కనబడునవి చిన్న చిన్న వార్తలు: ఉపాధి పనికి పోయిన కూలీ, మేకలు తోలుకొనిపోయిన వృద్ధుడు, వయస్సు, ఊరు, పైన ‘వడదెబ్బకు మృతి’ యను శీర్షిక. ఆ మరణము వడదెబ్బ వలననే కలిగినదని తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై కూడి నిర్ధారించినగాని కుటుంబమునకు పరిహారము రాదు. ఒక్క ప్రాణము పోవుటకు కారణము తేల్చుటకే యింత విచారణ జరుగుచుండగా, ఆ వేసవి యట్లు మండుటకు కారణమేమని విచారించు వాక్యమొక్కటియు సాధారణముగా ఆ వార్తలో నుండదు.

ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని న్యాయదర్శనమువారైన నైయాయికులు నాలుగు ప్రమాణములను, అనగా జ్ఞానసాధనములను, అంగీకరించిరి. అనుమానమనగా ఊహ; పొగను జూచి కొండపై నిప్పును ఊహించువానికి ఆ రెంటికిని గల వ్యాప్తి, అనగా విడరాని సంబంధము, ముందుగా తెలిసి యుండవలెను. ఒక్క యెండను జూచి ‘ఇది భూతాపమే’ యని వ్రాయువాడును, ‘ఇట్టి యెండలు మా తాతలనాడును కలవు’ అని త్రోసిపుచ్చువాడును ఆ వ్యాప్తిని విచారింపనివారే. వడగాడ్పులు మునుపటికంటె తరచుగను తీవ్రముగను వచ్చుటకు భూతాపము హేతువగుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు గాని, ఫలానా యూరిలో ఫలానా వ్యక్తి మరణమునకు అదియొక్కటే కారణమని చెప్పరు.

ఇక శబ్దము, అనగా ఆప్తుని వాక్యము. విషయమును స్వయముగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు తెలుపగోరువాడే ఆప్తుడనియు, ఈ లక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమేననియు న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడు నిర్ణయించెను. ఈ న్యాయము చొప్పున, కాకినాడ చెంత ఉప్పాడలో సముద్రము ఇండ్లను మ్రింగుట చూచిన మత్స్యకారుడు, ఆ మ్రింగుటను గూర్చినంతవరకు, విదేశ శాస్త్రజ్ఞునికి తీసిపోని ఆప్తుడు; ఆ కోతలో రేవు కట్టడముల పాలెంత, ఉబుకుచున్న కడలి పాలెంత యను ప్రశ్నకు మాత్రము వేరొక ఆప్తుని వెదకవలెను.

ఆప్తుని వెదకుటలో ఏమరుపాటు ఎంత చేటు తెచ్చునో హిమాలయముల విషయమున లోకము చూచినది. అచ్చటి హిమానీనదములు 2035 నాటికి అంతరింపవచ్చునని శీతోష్ణస్థితి మార్పును పరిశీలించు అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘమైన ఐపీసీసీ 2007 నివేదికలో వ్రాసి, అందుకు తగిన ఆధారము లేదని 2010 జనవరిలో ఒప్పుకొనెను. మూలమును వెదకగా, ఒక స్వచ్ఛందసంస్థ నివేదిక మీదుగా పోయి, 1999లో న్యూ సైంటిస్ట్ పత్రిక ప్రకటించిన వార్త తేలినది. పత్రికకు శాస్త్రజ్ఞుడు ప్రమాణము, శాస్త్రజ్ఞులకు పత్రిక ప్రమాణము! దీనినే మన తార్కికులు అన్యోన్యాశ్రయమందురు. మంచు కరగుచుండుట యథార్థమే. కాని ఆ యొక్క సంవత్సరాంకము మూలమున యథార్థమును గూడ అపహసించువారికి అవకాశము చిక్కెను.

కార్యము ఏకకారణము వలన గాక కారణసామగ్రి, అనగా పలు కారణముల కూడిక, వలన పుట్టునని తార్కికులే చెప్పిరి. భూతాపమునకును అంతే. పేదవాని జీవనావసరమునకు వెలువడు భూతాపకారక వాయువును, ధనికుని విలాసమునకు వెలువడు వాయువును ఒక్క తక్కెడలో తూచరాదని 1991లో పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ వాదించిరి. అది న్యాయమైన వాదము. అయినను 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు, కుండపోత వానతోబాటు గట్లకు పడిన గండ్లును, ఏటి దారిలో వెలసిన ఆక్రమణలును ఆ ముంపు యొక్క కారణసామగ్రిలో చేరియే యున్నవి. దోషమంతయు దూరదేశముల మీదనో దైవము మీదనో మోపిన వార్త స్థానికాధికారికి ఉచితముగా దొరికిన క్షమాపత్రము.

కావున తాను చూచినది, ఊహించినది, ఒకరి నోట విన్నది వేరుపరచి చెప్పు విలేఖరియే ఆప్తుడు. అట్టివాని వార్తను విశ్వసించుటయు, తక్కినవారిని ‘నీకెట్లు తెలిసెను?’ అని నిలదీయుటయు పాఠకుని ధర్మము.