దానానికి ధర ఎవరు కడతారు?



బాబాసాహెబ్ మనకిచ్చిన 22 ప్రతిజ్ఞల్లో 12వది పది పారమితలను ఆచరించడం. అందులో దానం ఒకటి. కానీ దానం మాట ఎత్తగానే వికారాబాద్, తాండూరు వాడల్లో వినబడే మాట ఏంది? "మా దగ్గర ఏముందని ఇయ్యాలె?" ఇయ్యాల ఈ మాటనే విచారిద్దాం.

2020 లాక్‌డౌన్ కాలంలో దుబాయ్‌లోని ఒక పెద్ద హోటల్లో బ్రిటిష్ చిత్రకారుడు సాషా జాఫ్రీ నెలల తరబడి ఒకే చిత్రం వేశాడు. దాని పేరుకు అర్థం 'మానవత్వ ప్రయాణం'. 17,000 చదరపు అడుగులకు పైనే, అంటే మన లెక్కన దాదాపు 16 గుంటల జాగ!   2021 మార్చిలో దాన్ని వేలంలో ఒక్కరే 6 కోట్ల 20 లక్షల డాలర్లకు కొన్నారు. సుమారు 450 కోట్ల రూపాయలన్నమాట. ఆ సొమ్ము పేద పిల్లల చదువుకు, ఆరోగ్యానికి యునిసెఫ్, యునెస్కో, దుబాయ్ కేర్స్ లాంటి సంస్థల ద్వారా పోతుందని ప్రకటించారు.

మార్కెట్ యార్డులో కందులకు ధర కట్టాలంటే తూకం చూస్తరు, తేమ చూస్తరు, గింజ చూస్తరు. మరి ఈ చిత్రానికి తూకమేది? కొనేవాళ్ల కోరిక ఎంత పెరిగితే ధర అంత. కోరికను బుద్ధుడు తణ్హ అన్నాడు. కాబట్టి 450 కోట్లు ధర మాత్రమే. తన నెలల కష్టాన్ని "ఇది నాది" అనకుండా పిల్లల కోసం వదులుకోవడం, అది దానం. వదులుకునే ఆ చేతనకు వేలంపాట లేదు.

ఇది తెలిస్తే మన వాడ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అమరావతి స్తూపం దగ్గర ఒక శాసనం దొరికింది. విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతురుతో కలిసి పూర్ణఘటం చెక్కిన బండను దానం చేశాడని అందులో ఉంది. తోలు పని చేసేవాని పేరు రాతి మీద నిలిచింది! అంటరానివాళ్లని మనల్ని గుడి బయట నిలబెట్టిన దేశంలోనే, అంతకు ముందు ధమ్మం మనలాంటి వాళ్లను దాతలుగా నిలబెట్టింది. రోజూ తాండూరు నాపరాయి కోసే చేతులు ఈ సంగతి మరవొద్దు.

ఇంకొక మాట. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో సహాయ శిబిరాల్లో కూడా దళితులను వేరు చేశారు. నీళ్ల దగ్గర, తిండి దగ్గర కులమే! ఎన్ని కోట్లు పోగైనా సమత లేనిచోట అది దానం కాదు, భిక్ష. పుచ్చుకునేవాని తల వంగకుండా ఇవ్వాలి.

నాగపూర్‌లో 1956లో దీక్ష మరునాడు బాబాసాహెబ్ సంపాదనలో ఇరవయ్యో వంతు ధమ్మ కార్యానికి ఇవ్వమన్నారు. 500 రూపాయల కూలిలో అది 25 రూపాయలు. అంత కూడా లేనినాడు ఒక పూట శ్రమ ఇవ్వండి, ఒక బిడ్డకు అక్షరం నేర్పండి. మనం ఎప్పుడూ చేయి చాచేవాళ్లమే అన్న అబద్ధాన్ని మన దానమే తుడిచేస్తుంది.

నమో బుద్ధాయ! జై భీమ్!