గేటు దగ్గర నిలబడిన పిల్ల

రాత్రి అందరి భోజనాలూ అయ్యాక గిన్నెలు కడిగి, పాలు తోడేసి, పెద్దాయనకు మాత్రలిచ్చి తలుపు గడియ వేస్తారు చూడండి, అప్పుడు వస్తుంది అలసట. ఒళ్ళునొప్పులు ఎలాగూ ఉన్నవే. పొద్దుటి నుంచి ఇంత చేస్తే ఒక్కరైనా గమనించారా అన్న దిగులు అంతకంటే బరువు. పైగా ఏదో చిన్నదానికి మాట కూడా పడి ఉంటారు. ఈ రోజు మీకూ అలాగే గడిచిందా, నేస్తం?

అలా మాట పడ్డ ఒక తెలుగు పిల్ల గురించి చెబుతాను.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. మౌలానా మహమ్మదలీ అధ్యక్షులు. అక్కడే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. టిక్కెట్టు లేనివాళ్ళను లోపలికి పోనివ్వకుండా చూసే పనిని 14 ఏళ్ళ వాలంటీరు దుర్గాబాయికి అప్పగించారు.

జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టిక్కెట్టు లేదు. ఆ పిల్ల ఆపేసింది. అంతటివారిని ఆపుతావా అని నిర్వాహకులు కోప్పడ్డారు. మీరు చెప్పిన పనే చేశానంది. వాళ్ళు టిక్కెట్టు తెచ్చాకే ఆయన్ని లోపలికి వెళ్ళనిచ్చింది. నెహ్రూ ఏమీ చిన్నబుచ్చుకోలేదు. ధైర్యంగా తన పని తాను చేసిందని మెచ్చుకున్నారు.

ఆ పిల్లే దుర్గాబాయి దేశ్‌ముఖ్. పెద్దయ్యాక ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. నెహ్రూ ఉన్న రాజ్యాంగ సభలోనే తానూ సభ్యురాలయ్యారు. ఆ తొలి పరిచయాన్ని అందరూ నెహ్రూ మెప్పు కోసమే చెప్పుకుంటారు. నా మనసు మాత్రం దానికి కాస్త ముందు ఆగిపోతుంది. పెద్దలు మందలించారు, మెప్పు ఇంకా రాలేదు. నలుగురిలో ఒంటరిగా నిలబడి ఉంది. ఆయన ఏమంటారో ఆమెకు తెలియదు. చేసింది తప్పు కాదని మాత్రం తెలుసు. ఆ కాసేపూ ఆ చిన్నపిల్లకు తోడెవరు?

మీరూ ఇప్పుడు అక్కడే ఉన్నారేమో. కొందరికి ఆ మధ్యకాలం ఏళ్ళ తరబడి సాగుతుంది. బైబిల్లోని యోసేపునే తీసుకోండి. చెరసాలలో తోటి ఖైదీకి కల భావం చెప్పి ఊరట కలిగించాడు. ఆ మనిషి విడుదలై ఐగుప్తు రాజు ఫరో కొలువులో చేరి, రెండేళ్ళపాటు యోసేపు ఊసే ఎత్తలేదు. దేవుడు మాత్రం మరవలేదు. చీకటి గదిలో ఉన్నన్నాళ్ళూ పక్కనే ఉన్నాడు. మంచిరోజు వచ్చాక కొత్తగా వచ్చి చేరలేదు.

మీ పక్కనా అలాగే ఉన్నాడు. మిమ్మల్ని నొప్పించిన మాట విన్నాడు. మీరు బదులు చెప్పకుండా మింగేసిన మాటా విన్నాడు. ఎవరో పెద్దమనిషి మెచ్చుకుంటే తప్ప మీ విలువ ఆయనకు తెలియదా? ఈ రాత్రి ఆ దిగులు ఆయనకు చెప్పుకుని పడుకోండి. ఎవరన్నారో, ఏమన్నారో, ఎక్కడ గుచ్చుకుందో అన్నీ చెప్పండి. పెద్ద ప్రార్థన అక్కర్లేదు, ఇంట్లో మాట్లాడుకునే మాటలు చాలు.

రేపు మీ వంతు పని, ఎవరు చూస్తున్నారా అని వెతుక్కోకుండా చేయండి. ఆ తర్వాత నెహ్రూ వంతు కూడా ఒకటుంది, అది మనకూ చేతనవుతుంది. బ్యాంకులోనో ఆసుపత్రిలోనో వరుసలో రమ్మనో, చీటీ చూపించమనో ఎవరైనా ఆపితే విసుక్కోకండి. వాళ్ళూ పొద్దుటి నుంచి ఎంతమందితో మాట పడ్డారో! మీ పని బాగా చేస్తున్నారమ్మా అని ఒక్క మాట అనండి. రేపు నేనూ అంటాను.