బొంత: ఒక దాసోహ విచారము

బొంత యనునది మన తెలుగువారి యింటి మాట. సంస్కృతమున దానిని కంథ యందురు. కన్నడసీమలో కౌది యందురు. పేరేదైనను వస్తువొక్కటియే. కట్టి కట్టి మెత్తబడిన నూలుచీరలను, పంచెలను ఉదికి ఆరవేసి, నేలపై పొరమీద పొరగా పరచి, చినిగినచోట మాసికవేసి, నాలుగంచులను మడిచి, సూదితో వరుసలు వరుసలుగా కుట్టిన పరుపే బొంత. అందులో క్రొత్తది దారమొక్కటే. తక్కినదంతయు పాతదే.

నల్లగొండ, పాలమూరు మెట్టసీమలలో వానలు వెనుకబట్టి బతుకమ్మ, దసరా పండుగలు దగ్గరపడుచున్నప్పుడు ఇండ్లలో పాతచీరల మూటలు విప్పుదురు. పండుగలు దాటిన వెంటనే చలి వచ్చును గదా! పురుటికి వచ్చిన కూతురి బిడ్డకొకటి, వసతిగృహమున చదువుకొను మనుమనికొకటి, పనికొరకు దూరదేశము పోవు కొడుకునకొకటి కుట్టియుంచుట పెద్దల అలవాటు. ఆనకట్టలకును కాలువలకును మట్టిపనికై దేశమంతట తిరిగిన పాలమూరు కూలీల పేరు వినని వారుండరు. అట్లు పోయినవాని మూటలో వంటగిన్నెలతోపాటు చేరునది బొంత. ఊరుగాని ఊరిలో వానికి అదియే ఇల్లు.

ఇది చిన్న విషయమని తోచవచ్చును. కాని ఇందులో పెద్ద ప్రశ్నయొకటి దాగియున్నది. ఒకరికి మనము చేతితో కుట్టి యొక వస్తువు నిచ్చినప్పుడు నిజముగా నిచ్చినదేమి? గుడ్డయా, కుట్టా, మరియొకటియా? మిగిలినదానిని ఇచ్చుటకును, మనదానిని ఇచ్చుటకును గల భేదమెట్టిది? కాయక దాసోహములను ధర్మమునకు రెండు కన్నులుగా నమ్మిన మనము దీనిని విచారింపవలసియున్నది.

ముందు గుడ్డను గూర్చి చూతము. పాతబట్టను ఒకరికిచ్చుట అవమానము కాదా యని కొందరందురు. ఆ మాటలో సత్యమున్నది. మనకు పనికిరానిదానిని, పెట్టె ఖాళీయగుటకై, గుమ్మము ముందు నిలిచినవాని చేతిలో వేయుట ఇచ్చుట కాదు, వదిలించుకొనుట. పుచ్చుకొన్నవాడు దానిని గ్రహించును. నోరు మాత్రము మెదపడు. అయితే అదే పాతచీరను పుట్టినబిడ్డ క్రింద పరచుటలో అవమానము లేదు. క్రొత్తగుడ్డ గరుకుగానుండి పసిమేనికి ఒరసికొనునని మన అమ్మమ్మలు మెత్తని పాతగుడ్డనే పొత్తిగుడ్డగా నేరుకొనిరి. ఇంటిలో అందరికంటె ముద్దైనవానికి అన్నిటికంటె పాతగుడ్డ! కావున అవమానము గుడ్డ వయసులో లేదు. ఇచ్చువాని తలంపులో నున్నది.

దీనికి పరీక్ష యొక్కటే. ఇయ్యబోవు బొంతపై మన యింటి పసిపాపను పరుండబెట్టుదుమా? పెట్టుదుమన్నచో అది ఇయ్యదగినది. మనసు వెనుదీసినచో దానికింకను కుట్టు చాలలేదన్నమాట.

ఇక కుట్టును గూర్చి. వ్రేలెడు ఎడముతో వరుసలు వేసినను ఒక పెద్దబొంతకు వేలకొలది కుట్లు పడును. వంటయు, పశువులపనియు, పొలముపనియు ముగిసిన పిదప దొరకిన గడియలలో కుట్టవలెను. ఒక్క బొంతకు వారములు పట్టును. ఆ వారములు కుట్టినవారి ఆయుర్దాయములోనివి. పోయిన ధనమును మరల సంపాదింపవచ్చును. పోయిన దినమును సంపాదించినవాడు లేడు. కనుక బొంతనిచ్చినవారు గుడ్డను గాదు, తమ దినములను మడతపెట్టి యిచ్చుచున్నారు. మిగిలినదానిని ఇచ్చుట లోకములో దానమనిపించుకొనుచున్నది. మిగిలినదానికి మన దినములను చేర్చి యిచ్చినప్పుడే అది దాసోహమునకు దగ్గరగును.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులలో ఇట్టి చేతిపనివారు పలువురు కలరు. సూదిపనియే కాయకముగా గలవాడు సూజికాయకద రామితందె. కదురు త్రిప్పి నూలు వడికినది కదిర రెమ్మవ్వ. నూలియ చందయ్య గడ్డిని పేని త్రాళ్లమ్మెను. వీరి పనుల పేర్లే వీరి పేర్లైనవి. పనిని పేరుగా ధరించుట సిగ్గుగాదని ఆ కాలమున వారు లోకమునకు చాటిరి. సూది చిన్నదని రామితందె పేరు చిన్నది కాలేదు.

ఇచట నొక శంక కలుగును. చేతితో చేసియిచ్చిన ప్రతి వస్తువును పవిత్రమేనా? కాదు. కష్టపడి యిచ్చినవానికి కష్టమును గూర్చిన గర్వముండును. కొన్నదానిని ఇచ్చినవాడు మరచిపోవచ్చును, కుట్టియిచ్చినవాడు మరవడు. "నేను రాత్రులు మేల్కొని కుట్టితిని, ఆమె ఒక్కనాడును పరచలేదు" అను మాట మనము వినియుండలేదా? ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో కానుకలను గూర్చి వ్రాసిన ప్రసిద్ధ వ్యాసమున, అనేక జాతుల ఆచారములను పరిశీలించి, ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి యిచ్చుట యను మూడు విధులును ఒకే గొలుసులోని కడియములని చెప్పెను. ఇందుకు మనము పరదేశములకు పోనక్కరలేదు. మన పెండ్లిండ్లలో చదివింపుల పుస్తకము తెరచి చూడుడు. ఎవరేమి పెట్టిరో పేరుపేరున వ్రాసియుండును; వారియింట శుభకార్యమైనప్పుడు ఆ పుట తీసి చూచి మరల పెట్టుదురు. ఆడబిడ్డకు ఒడిబియ్యము పోయుట మన తెలంగాణమున ఎంత అందమైన ఆచారము! కాని చీర వెల చాలలేదని అక్కడను అలుకలు పుట్టుచున్నవి. ఇచ్చినది అప్పుగా మారినచోట ప్రేమకు లెక్కలు మిగులును.

దాసోహమన్న పదములోనే దీనికి మందున్నది. దానమిచ్చువాడు ఎత్తున నిలిచి క్రిందికి చేయి చాచును. దాసోహము చేయువాడు "నేను దాసుడను" అని తాను క్రింద నిలిచి పైకి సమర్పించును. పుచ్చుకొనువాడే పెద్ద. పెద్దవానికి సమర్పించినదానిని తిరిగి యడుగువాడు లేడు.

జేడర దాసిమయ్య కథ ఈ సంగతినే చెప్పును. మన నారాయణపేటకు పొరుగుననున్న యాదగిరి జిల్లాలోని ముదనూరు ఆయన జన్మస్థలము. నేతపని ఆయన కాయకము. ఎంతో కాలము శ్రమించి నేసిన మేలైన వస్త్రమును శివుడు జంగమ రూపమున వచ్చి యడుగగా దాసిమయ్య ఇచ్చెను. ఆ జంగముడు దానిని ఆయన కన్నులయెదుటనే చించివేసెను. దాసిమయ్య కోపింపలేదు. ఇచ్చిన పిదప వస్త్రము తనది కాదు. దానిని కట్టుకొనుటయు చించుటయు పుచ్చుకొన్నవాని యిష్టము. కుట్టి యిచ్చు ప్రతివారును ఈ కథను మననము చేయవలెను. మనమిచ్చిన బొంతను కోడలు పరచినను, మడిచి యటుకపై పెట్టినను, మరియొకరికిచ్చినను మనసు కలగనినాడే మన కుట్టు పూర్తియైనట్లు.

శ్రీశైలములో మహాశివరాత్రినాడు జరుగు పాగాలంకరణమును మన పాలమూరు భక్తులలో పెక్కురెరుగుదురు. చీరాల ప్రాంతపు నేతగాడు దినమునకొక మూర చొప్పున ఏడాది పొడుగున 365 మూరల పాగా నేసి తెచ్చును. లింగోద్భవ సమయమున ఆలయపు దీపములన్నియు ఆర్పుదురు. ఆ చీకటిలో అతడు దిగంబరుడై మల్లికార్జునుని విమాన శిఖరమునుండి ముఖమండపముపై నందులవరకు ఆ పాగాను చుట్టును. ఏడాది శ్రమను సమర్పించు క్షణమున చూచు కన్ను లేదు. అంత వెలుగు గల పండుగలో ఆ యొక్క పని చీకటిలో జరుగుటకు అర్థమున్నదని నాకు తోచుచుండును.

అయితే చీకటిలో మరియొక సంగతియు దాగియున్నది. దానిని మాత్రము వెలుగులోనికి తేవలెను. కుట్టినదెవరు, ఇచ్చినదెవరు? నేను పనిచేసిన యొక పల్లెబడిలో పిల్లలను, "మీ యింట బొంత కుట్టునదెవరు?" అని యడిగితిని. "అవ్వ", "అమ్మ", "పెద్దమ్మ" అనిరి. "పెండ్లిలో కానుక చదివించునప్పుడు ఎవరి పేరు చెప్పుదురు?" అని యడుగగా, తరగతియంతయు ఒక్క గొంతుతో "నాయనది" అనెను. పిల్లలకందులో వింత యేమియు తోచలేదు. నాకు ఆ దినము పాఠము సాగలేదు. పగలంతయు పత్తిచేనులో వంగిన నడుముతో రాత్రి దీపము ముందు కూర్చుండి కుట్టినది ఒకరు; ఉదారుడని పేరుపొందినది మరియొకరు. ఇతరుల దినములను తన పేర ఇచ్చుట దాసోహమెట్లగును?

ఆయ్దక్కి లక్కమ్మ చరిత్రము ఇచట గుర్తుకు రావలెను. ఆమె భర్త మారయ్య, నేలరాలిన బియ్యమును ఏరితెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడాయన అవసరమునకు మించి తెచ్చెను. లక్కమ్మ దానిని అంగీకరింపక, ఎక్కువైన బియ్యమును తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. దాసోహమునకు కావలసినది రాశి కాదు, శుద్ధియని భర్తకు బోధించినది ఆ యిల్లాలు. తన చేతిపని ఎంత, పరుల చేతిపని ఎంత యని లెక్క చూచుకొనుట ఆ శుద్ధిలోని భాగమే. కావున ఇంటి పెద్దలు రెండు పనులు చేయవలెను. కానుకపై కుట్టిన చేతుల పేరు ముందు చెప్పవలెను. అంతకంటె మేలైనది, తామును సూది పట్టవలెను. రామితందె పురుషుడే గదా!

మరియొక ఆక్షేపణ కలదు. బజారులో చవుకగా కంబళ్లు దొరకుచుండ ఈ కుట్టుపని యేల? చలితో వణకువాడు కుట్టునడుగునా, వెచ్చదనము నడుగునా? ఇది న్యాయమైన మాట. పాత ఉన్నిబట్టలను చీల్చి మరల నూలుతీసి కంబళ్లు నేయుటలో హర్యానాలోని పానిపట్టు పేరుపొందినది. అక్కడి కార్మికుని శ్రమయు కాయకమే. ఒకవిధముగా అతడును బొంతవారికి చుట్టమే. నూరుమందికి నేటి రాత్రి కప్పు కావలసివచ్చినచో నూరు కంబళ్లు కొనవలసినదే. మన కుట్టు ముగియువరకు వారు వణకవలెననుట మూఢత్వము. ధర్మార్జితమైన ధనముతో కొన్నదియు మన శ్రమఫలమే. కాని వేదికపై వరుసగా నిలువబెట్టి, కంబళి కొస తాము పట్టుకొని, ఛాయాచిత్రము తీయించుకొనుట ఆ దానమునకు పట్టిన చెద. వెచ్చదనమిచ్చి తలవంపు నిచ్చినట్లగును.

వెలగల కానుకల నడుమ చేతిపని వెలవెలబోవునని భయపడనక్కరలేదు. 1947 నవంబరు 20న ఇంగ్లండు రాకుమారి ఎలిజబెతు వివాహమైనప్పుడు గాంధీమహాత్ముడు స్వయముగా వడికిన నూలుతో అల్లిన చిన్న వస్త్రమును కానుకగా పంపెను. రాణి మేరీ దానిని గోచీగుడ్డయని పొరబడి నొచ్చుకొనెనందురు. మణులును వెండిపాత్రలును నిండిన ఆ కానుకలలో పంపినవాని చేతులతో పుట్టిన నూలు అది. పుచ్చుకొన్నవారు పొరబడినంత మాత్రమున ఆ నూలు విలువ తగ్గలేదు.

పుచ్చుకొనుటయు ఒక ధర్మమే. శరణచరిత్రలలో బొంతాదేవి కథ కలదు. ఆమె కాశ్మీర రాజకుటుంబమున పుట్టినదనియు, సర్వమును విడిచి దిగంబరయై బయలుదేరగా శివుడొక బొంతనిచ్చి కప్పుకొమ్మనెననియు, నాటినుండి ఆమెకు ఆ పేరే నిలిచెననియు సంప్రదాయము చెప్పును. పట్టుబట్టలు విడిచిన రాకుమారి బొంతను కాదనలేదు. ఇచ్చినవాని పేరుతోగాక ఇచ్చిన వస్తువు పేరుతో ఆమె లోకమునకు తెలియవచ్చెను. మన యింటికి పేదచుట్టము తాను కుట్టిన చిన్న బొంతను తెచ్చినప్పుడు, దానిని బీరువాలో దాచక, ఆమె యెదుటనే పరచి బిడ్డను పరుండబెట్టుట ఆమెకు మనము చేయు దాసోహము.

దసరానాడు మన తెలంగాణమున జమ్మియాకును బంగారమని చేతిలో పెట్టి పెద్దల పాదములకు మ్రొక్కుదుము, తోటివారిని కౌగిలించుకొందుము. ఆ యాకుకు వెల లేదు. ఎవరెన్ని యాకులిచ్చిరో వ్రాసియుంచు పుస్తకమెచ్చటను లేదు. లెక్కలేని కానుక యెట్లుండునో మనకీ యాకు ఏటేట నేర్పుచునేయున్నది. మనమే పండుగ ముగియగనే మరచుచున్నాము.

కావున శరణబంధువులకు నా విన్నపమిది. ఈ యేడు పండుగలకు ముందు ప్రతి యింటను ఒక్క బొంత ఎక్కువగా కుట్టుడు. స్త్రీపురుషులు కలసి కూర్చుండి, పిల్లలచేతను కొన్ని వరుసలు వేయించి కుట్టుడు. అది మరల మనకేమియు పెట్టలేనివారికి, వలసపోవు కూలికో, దిక్కులేని ముదుసలికో చేరవలెను. మఠముల పెద్దలు వానిని స్వీకరించి, ఇచ్చినవారి పేర్లు చదువక, పుచ్చుకొనువారిని వరుసలో నిలుపక, వారి యిండ్లకే చేర్పించినచో మేలు. ఇచ్చుటకు ముందు మాత్రము ఒక్కసారి ఆ బొంతను నేలపై పరచి, మన యింటి పసిపాపను దానిపై పరుండబెట్టి చూడుడు. బిడ్డ హాయిగా నిదురించినచో దానిని మడిచి పంపుడు.