మన ధ్వజమెవరు?

ఆరాధనలో జెండాలు పట్టుకొని ఊపవచ్చునా అను ప్రశ్న యిప్పుడు మన పల్లె సంఘములలోనికిని వచ్చియున్నది. ఇరువదవ శతాబ్దపు చివరి భాగమున పాశ్చాత్య దేశములలోని కరిస్మాటిక్ సభలలో వ్యాపించిన యీ పద్ధతిని మన యౌవనులు సెల్‌ఫోనులలో చూచి, రంగురంగుల గుడ్డలు కుట్టించి, కీర్తన పాడునప్పుడు ఊపవలెనని కోరుచున్నారు. పెద్దలు, "ఇది ప్రార్థన మందిరమా, తిరునాళ్లా?" అని అడ్డుపడుచున్నారు. ఇట్టి మాటమీద, ప్రభువు బల్లయొద్ద ప్రక్కప్రక్కన కూర్చుండువారు ఒకరితో నొకరు మాటలాడుట మానివేయుదురు. స్తుతించుటకు తెచ్చిన గుడ్డ సంఘమును రెండుగా చింపినయెడల ఆ స్తుతి యెవరికి చెందును? కావున ఈ సంగతిని కోపము లేకుండ, లేఖనములు తెరచి విచారింతము.

మొదట, ఆరాధన యననేమి? హెబ్రీ భాషలో దీనికి తరచుగా వాడబడిన మాటకు నేలవరకు వంగుట, సాగిలపడుట అని అర్థము. క్రొత్త నిబంధనలో వాడబడిన ముఖ్యమైన గ్రీకు మాటయు అట్టిదే. కావున చేయి పైకి లేచుటకు ముందుగా మెడ క్రిందికి వంగవలెను. అపొస్తలుడైన పౌలు రోమా పత్రిక 12వ అధ్యాయము మొదటనే, మన శరీరములను సజీవమైన యాగముగా దేవునికి అప్పగించుకొనుటయే తగిన సేవయని బోధించుచున్నాడు. ఆదివారము ఉదయము మందిరములో జరుగునది ఆ సేవలో ఒక భాగము మాత్రమే. సోమవారము నాట్లు వేయు చేతులు, తూకము పట్టు చేతులు, కూలి లెక్కకట్టి యిచ్చు చేతులు, ఇవియన్నియు ఆరాధించు చేతులే. ఆమోసు కాలమున ఇశ్రాయేలీయుల పాటలకు గాని వాద్యములకు గాని కొదువ లేదు. అయినను బీదవారిని స్వల్ప లాభమునకు అమ్మివేయు జనుల పాటలు తన చెవిని పడరాదని దేవుడు వారిని గద్దించెను. వాద్యములు చెడ్డవగుటచేత గాదు, వాటిని పట్టిన చేతులు చెడ్డవగుటచేతనే ఆయన వాటిని త్రోసివేసెను.

ఇక జెండాల సంగతి చూతము. సంఖ్యాకాండము 2వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు తమ తమ ధ్వజములయొద్ద దిగవలెనని ఆజ్ఞ గలదు. అంతటి గొప్ప సమూహము అరణ్యములో నడచుచుండగా, తప్పిపోయిన పిల్లవాడు సైతము తన వారి ధ్వజము చూచి తన చోటు తెలిసికొనును. ధ్వజము పని అదియే. నీవెవరివాడవో, ఎక్కడ చేరవలెనో అది చెప్పును. అయితే ఆ పాళెములో ధ్వజములు చుట్టు నిలిచెను, ప్రత్యక్షపు గుడారము నడుమ నుండెను. ఈ వరుస మరువదగినది కాదు. 20వ కీర్తనలో రాజు యుద్ధమునకు పోవునప్పుడు దేవుని నామమున ధ్వజమెత్తుట గూర్చి చెప్పబడినది. అయితే స్తుతి సాధనములను వరుసగా చెప్పిన 150వ కీర్తనలో బూర, సితార, తంబుర, నాట్యము, తాళములు కలవు గాని జెండా లేదు. కావున, జెండా లేకున్న ఆరాధన కొరవడునని చెప్పుటకు మనకు అధికారము లేదు. జెండా పట్టినవాడు పాపము చేసెనని చెప్పుటకును అధికారము లేదు.

లేఖనములలో ధ్వజమను పేరు మిక్కిలి ఘనముగా వచ్చిన చోటు నిర్గమకాండము 17వ అధ్యాయము. రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధము జరిగినప్పుడు మోషే కొండమీద చేతులెత్తి నిలిచెను. చేతులు బరువెక్కగా అహరోను, హూరు ఆయనను రాతిమీద కూర్చుండబెట్టి, ఇరుప్రక్కల ఆ చేతులను ఆదుకొనిరి. జయము కలిగిన తరువాత మోషే ఒక బలిపీఠము కట్టి దానికి 'యెహోవా నిస్సీ' అని పేరు పెట్టెను. యెహోవాయే నా ధ్వజమని దానికి అర్థము. అక్కడ ఎవరును గుడ్డ కుట్టలేదు. తన చేతికఱ్ఱను మోషే ధ్వజమనలేదు, తన చేతులను ధ్వజమనలేదు. దేవుడే ధ్వజమనెను.

నిస్సీ అను పేరులో 'నేస్' అను హెబ్రీ మాట యున్నది. ఇదే మాట సంఖ్యాకాండము 21వ అధ్యాయములో మరల కనబడును. పాము కాటు తిన్నవారు చూచి బ్రదుకునట్లు మోషే ఇత్తడి సర్పమును దేనిమీద ఎత్తెనో దానికిని 'నేస్' అనియే పేరు. మన తెలుగు బైబిలులో అక్కడ స్తంభమని యున్నది. ఆ గురుతు దేవుడు తానే చేయుమని చెప్పినది, అనేకులను బ్రదికించినది. అయినను శతాబ్దములు గడచిన తరువాత ఏమాయెను? జనులు దానికి ధూపము వేయసాగిరి. అప్పుడు హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించెను. రెండవ రాజుల గ్రంథము 18వ అధ్యాయములో ఈ సంగతి కలదు. నెహుష్టాను అని దానికి కలిగిన పేరులో ఇత్తడి యను అర్థము ధ్వనించును. దేవుడు చేయించిన గురుతే మోకాళ్లను తనవైపు త్రిప్పుకొనినప్పుడు వట్టి ఇత్తడి ముక్క యయ్యెను. అట్లయిన మనము బజారులో కొని తెచ్చిన గుడ్డ విషయమై ఎంత మెలకువగా నుండవలెను!

సంఘ చరిత్రయు ఈ రెండు వైపులను మనకు చూపుచున్నది. 4వ శతాబ్దపు చివర యెరూషలేమును దర్శించిన ఎగేరియా అను యాత్రికురాలు, మట్టల ఆదివారమున చిన్నపిల్లలు సైతము కొమ్మలు పట్టుకొని ఊరేగిన సంగతి వ్రాసినది. నేడు మన పల్లెలలో మట్టలు పట్టుకొని వీధులవెంట పాడుచు పోవు పిల్లలు ఆ వరుసలోని వారే. చేత ఏదో యొకటి పట్టి స్తుతించుట మనకు క్రొత్త కాదని పెద్దలు జ్ఞాపకము చేసికొందురు గాక. రక్షణ సైన్యమని పిలువబడు సాల్వేషన్ ఆర్మీ వారు 1878లో ఇంగ్లాండులో తమ జెండా నెత్తిరి. అందులోని ఎరుపు క్రీస్తు రక్తమును, పసుపు పరిశుద్ధాత్మ యగ్నిని, నీలము పరిశుద్ధతను సూచించును. ఆ జెండా వెంట నడచినవారు త్రాగుబోతులను, దిక్కులేనివారిని వెదకి పోయిరి. వారు 1882లో మన దేశమునకును వచ్చిరి. అయితే, సిలువ గురుతు బట్టలమీద కుట్టుకొనిన సైన్యములు 1099లో యెరూషలేమును పట్టుకొని అచ్చటి ముస్లిములను, యూదులను వధించినవి. ఎత్తిన గురుతు సిలువయే, ఎత్తినవారి హృదయములో క్రీస్తు లేడు.

కాబట్టి జెండా పట్టగోరు సహోదరుడును, వద్దను సహోదరుడును తమ్మును తాము మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

ఇది ఎవరిని చూపుచున్నది? పాట ముగిసిన తరువాత జనులు ప్రభువును తలంచుచు ఇంటికి పోయిరా, లేక ఫలాని చిన్నది ఎంత చక్కగా ఊపినదని చెప్పుకొనుచు పోయిరా?

ఇది అందరిని కట్టుచున్నదా? మన మందిరములు అనేకము చిన్నవి. కీళ్లనొప్పులచేత చేయి భుజము దాటి ఎత్తలేని ముసలమ్మ వెనుక చాపమీద కూర్చుండి పెదవులు కదలించుచుండును. షిలోహులో హన్నా పెదవులు మాత్రమే కదలెను, అయినను దేవుడు వినెను. జెండా పట్టలేని అవ్వకు, జెండా కొనలేని కూలివాని పిల్లకు మన ఆరాధనలో చోటు తగ్గిన యెడల, ఆ జెండాను మడిచిపెట్టుటయే స్తుతి. మోషే చేతులు బరువెక్కినప్పుడు ప్రక్కవారు ఏమి చేసిరో చూచితిమి గదా.

దీనికి మనము ఏ శక్తి అంటగట్టుచున్నాము? ఈ రంగు ఊపిన దయ్యములు పారిపోవును, ఆ రంగు ఊపిన అప్పులు తీరును అని చెప్పువారు కలరు. లేఖనములలో ఎక్కడను అట్టి మాట లేదు. రోగి తలగడ క్రింద ఆ గుడ్డ పెట్టువరకు సంగతి వచ్చినయెడల అది జెండా కాదు, తాయెత్తు. క్రీస్తు నామమున తాయెత్తు త్రెంపివేసిన మన తాతల కష్టమును రంగుగుడ్డకొరకు మనము వ్యర్థపరచకుందుము గాక.

ఈ మూడింటికిని మంచి మనస్సాక్షితో ఉత్తరమియ్యగలిగిన యెడల యౌవనుల యానందమును పెద్దలు తృణీకరింపకూడదు. మందసము ఎదుట నాట్యమాడిన దావీదును మీకాలు కిటికీలోనుండి హీనపరచిన సంగతి మనకు హెచ్చరిక. అట్లే, బలహీనుడైన సహోదరుడు అభ్యంతరపడుచుండగా యౌవనులు తమ స్వాతంత్ర్యమును పట్టుపట్టకూడదు. సహోదరునికొరకు భోజనమునే విడువవలెనని రోమా పత్రిక 14వ అధ్యాయము నేర్పుచుండగా, జెండా భోజనముకంటె గొప్పదా?

మన గ్రామ కూడలిలో పార్టీల జెండా దిమ్మెలు వరుసగా నున్నవి. ఎన్నికలు వచ్చినప్పుడు అన్నదమ్ములే వేర్వేరు దిమ్మెలయొద్ద నిలిచి కలహించుకొందురు. జెండా మనుష్యులను ఎట్లు విడదీయునో మనకు ఎవరును నేర్పనక్కరలేదు. అయితే యెషయా 11వ అధ్యాయములో, యెష్షయి వేరునుండి పుట్టినవాడు తానే జనములకు ధ్వజముగా నిలుచుననియు, అన్యజనులు ఆయనను వెదకుదురనియు ప్రవచనము కలదు. అక్కడ కూడ మాట 'నేస్' అనియే. ఇత్తడి సర్పమువలె మనుష్యకుమారుడు ఎత్తబడవలెనని ప్రభువే నీకొదేముతో చెప్పెను. ఆ ధ్వజము గొల్గొతామీద ఎత్తబడినది. దానికి పట్టుగుడ్డ లేదు. ఆయన వస్త్రములను సహితము సైనికులు పంచుకొనిరి.

ఆ ధ్వజము క్రింద నిలిచి, ఈ పేటవారము ఆ పేటవారమని వేరువేరుగా కూర్చుండగలమా? ఒకే గిన్నెలోనిది త్రాగి, బయటికి వచ్చి ఒకరి గడప ఒకరు త్రొక్కక యుండగలమా? చేతిలో జెండా ఉన్నను లేకున్నను ప్రభువు మన సంఘములను అడుగు ప్రశ్న యిదియే.

యెహోవా నిస్సీయైన దేవుడు మన మెడలను వంచి, మన చేతులను శుద్ధిచేసి, తన కుమారుని సిలువ క్రింద మనలను ఒక్క మందగా సమకూర్చును గాక. ఆమేన్.