దూబగుంట రాత్రి బడి

1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో, పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రి పూట పలక పట్టారు. అక్షరాస్యత ఉద్యమం వారికిచ్చిన వాచకంలో సారా వల్ల చితికిన కాపురం గురించి ఒక పాఠం ఉంది. చదివారు. ఇది మన కథే కదా అనుకున్నారు. అంతా ఒక్కటై ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ కదలిక జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. వయోజన విద్య సంతకం దగ్గరే ఆగిపోతుందనేవాళ్లకు నేను దూబగుంటనే చూపిస్తాను.

ఇప్పుడు ఉల్లాస్ అనే వయోజన విద్యా పథకం కింద పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యులకు స్వచ్ఛందంగా చదువు చెప్పవచ్చు. మీ వాడలో వేలిముద్ర వేసే అక్క ఉంటే, ఈ సాయంత్రమే వెళ్లి పలకరించండి.