శిఖంలో ఇల్లు

ఆదివారం రాత్రి పదకొండు దాటింది. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక సందులో దోసెల బండివాడు పెనం గీకుతున్న చప్పుడు తప్ప ఇంకే అలికిడీ లేదు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి చూపించాల్సిన లెక్కల షీటు పూర్తిచేసి సేవ్ కొట్టాను. కాలేదు. మళ్ళీ కొట్టాను. డిస్కులో చోటు లేదంది. తెరిచి చూస్తే సి డ్రైవ్ కింద నీలంగా ఉండాల్సిన గీత ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఎర్రగా ఉంది. 237 జీబీలో 0 బైట్లు ఖాళీ.

పొద్దున 11 జీబీ ఉన్నట్టు గుర్తు. పగలంతా ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

సైబర్ టవర్స్ మొదలైంది 1998 నవంబరులో. నేను ఆ తరువాత ఐదేళ్ళకు మాదాపూర్ వచ్చాను. అప్పటి నుంచీ నా అన్నం సర్వర్ల మీదే. లాగ్ ఫైళ్ళు పెరిగి డిస్కు నిండి అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఫోన్ వచ్చేది నాకే. అలాంటివాడి సొంత ల్యాప్‌టాప్ ఇలా నోరు తెరిచింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

ఎవరైనా మొదట చేసే తప్పే నేనూ చేశాను. కనిపించినవాటి మీద పడ్డాను. బంధువుల గ్రూపుల నుంచి దిగిన శుభోదయాలు, మూడేళ్ళ కిందటి పెళ్ళి వీడియోలు, ఒకటే పీడీఎఫ్ నాలుగు పేర్లతో. అన్నీ తీసేసి రీసైకిల్ బిన్ కూడా దులిపితే 3 జీబీ వచ్చింది. షీటు ఎలాగో సేవ్ అయింది. మంచినీళ్ళు తాగి వచ్చేసరికి 3 కాస్తా 1 అయింది. ఒక పక్క నేను తోడుతుంటే ఇంకో పక్క ఊరుతోంది.

అప్పుడు కాగితం తీసుకుని కూర్చున్నాను. ఫోటోలు, డాక్యుమెంట్లు, డౌన్‌లోడ్లు, డెస్క్‌టాప్, నావి అని నేననుకునేవన్నీ కూడితే 58 జీబీ. విండోస్, దాని మీద ఎక్కించిన ప్రోగ్రాములూ కలిపి 70. మొత్తం 128. మిగతా 109 ఏమైనట్టు? (డిస్కు మీద 256 అని రాసి ఉంటుంది, లోపల 238 చిల్లర చూపిస్తుంది. అది మోసం కాదు. తయారుచేసినవాడు వెయ్యి చొప్పున లెక్కపెడతాడు, విండోస్ 1024 చొప్పున. వెనకటికి ఊరికో శేరు ఉన్నట్టే.)

దాచిన ఫైళ్ళు కూడా చూపించే పనిముట్టు ఒకటి నడిపాను. ఒక్కొక్కరే బయటికొచ్చారు. నిద్రాణస్థితికి వెళ్ళేటప్పుడు మెమరీలో ఉన్నదంతా దించుకోవడానికి విండోస్ ముందే పట్టిపెట్టుకునే ఫైలు ఒకటి. నా 16 జీబీ మెమరీకి అది 6 జీబీ పైన. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు. మనిషి ఎక్కినా ఎక్కకపోయినా సీటు అతనిదే. మెమరీ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైలు 9. కొంప మునిగితే వెనక్కి వెళ్ళడానికి తీసిపెట్టుకున్న రిస్టోర్ పాయింట్లు 8. ఇవన్నీ భయం కట్టించుకున్న గదులు. వాటిని తప్పుపట్టలేను, నా బీరువాలో పదిహేనేళ్ళ కరెంటు బిల్లులున్నాయి.

అసలు దొంగ వేరే. 86 జీబీల ఒకే ఒక్క ఫైలు.

చూడగానే గుర్తుపట్టాను. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఇల్లే ఆఫీసయినప్పుడు ఒక ప్రాజెక్టు కోసం విండోస్ లోపల లినక్స్ పెట్టుకున్నాను. దానికి ఇది డిస్కు. నిజం డిస్కు కాదు, డిస్కులా నటించే ఫైలు. మరుసటి ఏడే ప్రాజెక్టు అయిపోయింది. లోపలున్న కంటైనర్లన్నీ అప్పుడే శుభ్రంగా తీసేశాను కూడా. లోపలికి వెళ్ళి అడిగితే 13 జీబీయే వాడుతున్నానంటుంది. బయట నుంచి కొలిస్తే 86. ఈ రకం ఫైలు గుణమే అది. లోపల సామాను పెరిగితే తానూ పెరుగుతుంది, సామాను తీసేస్తే మాత్రం తగ్గదు. ఆక్రమించిన హద్దు హద్దే. లోపల 73 జీబీల శూన్యం, దాని చుట్టూ గోడ, ఆ గోడ బయట నేను చోటు లేక ఉక్కిరిబిక్కిరి.

ఆ ఆదివారం సాయంత్రమే అమ్మను దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జికి తీసుకెళ్ళాం. సిద్దిపేట వైపు ఊరు మాది. నెలకని వచ్చి వారానికే ఊరు మీద బెంగపెట్టుకుంటుంది. 2020 సెప్టెంబరులో బ్రిడ్జి తెరిచినప్పటి నుంచీ చూపిస్తానంటున్నాను. దీపాలు రంగులు మారుతుంటే మా అమ్మాయి ఫోటోల మీద ఫోటోలు తీసింది. అమ్మ కిందికే చూస్తోంది.

"చెర్వు గింతేనా?"

ఒకప్పుడు గోల్కొండ కోటకు ఇక్కడి నుంచే నీళ్ళు వెళ్ళేవని చెప్పాను. చుట్టూ అద్దాల మేడలు చూసి అనుమానంగా తలాడించింది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చిన తరువాత ఎఫ్‌టీఎల్ అన్న మాట హైదరాబాదులో వంటింటి మాట అయింది కదా, అదీ చెప్పాను. చెరువు నిండా నిండితే నీళ్ళు ఎందాక వస్తాయో ఆ గీత అని.

"అంటే శిఖమే గదరా," అంది. "నీళ్ళు గుంజినంక శిఖంల జొన్నలేసుకుంటరు. ఇల్లు కట్టుకుంటరా బిడ్డా ఎవలన్న?"

రాత్రి ఆ 86 జీబీల ముందు కూర్చుంటే ఈ మాట మళ్ళీ వినిపించింది. తెలంగాణలో శిఖం భూమి తెలియని రైతు లేడు. చెరువు తగ్గినప్పుడు తేలే నేల. ఎండాకాలం చూసినవాడికి అది వట్టి బయలు. ఎవరిదీ కాదు, దేనికీ పనికిరాదు. కానీ చెరువు చెరువుగా ఉండేది దాని మూలంగానే. నీటికి కాళ్ళు చాపుకోవడానికి అంత నేల వదిలిపెట్టాలి. అలాగని దాన్ని ముట్టుకోవద్దని ఊరు ఎప్పుడూ అనలేదు. జొన్న వేసుకో, పుచ్చకాయ పెట్టుకో, నీళ్ళొచ్చే వేళకు లేచిపో.

కంప్యూటర్ నడిచేదీ ఈ ధర్మం మీదే. తాత్కాలిక ఫైళ్ళన్నీ జొన్నచేలు. వస్తాయి, పోతాయి. పేజ్ ఫైలు కూడా పెరిగి తగ్గేదే. ఫైలును సేవ్ చేసినప్పుడు చాలా ప్రోగ్రాములు కొత్త ప్రతిని పక్కన రాసి, అది సరిగ్గా ఉందనుకున్నాకే పాతదాన్ని తీసేస్తాయి. ఆ పక్క అనేది ఉండాలి. 237లో 237 నిండిందంటే పూర్తిగా వాడుకున్నట్టు కాదు, ఇక ఏదీ కదలలేదని.

ఖాళీని మనం వెలితి అనుకుంటాం. మా పరిశ్రమలో ఐతే దానికి వేరే పేరుంది: బెంచ్. 2009లో నాలుగు నెలలు ప్రాజెక్టు లేక నేను బెంచ్ మీదున్నాను. జీతం ఠంచనుగా పడేది, అయినా అంత హీనంగా ఎప్పుడూ బతకలేదు. తొమ్మిదింటికే బ్యాడ్జి చూపించి లోపలికెళ్ళేవాణ్ణి. మేనేజరు అటుగా వస్తే నల్ల స్క్రీను ఒకటి పైకి తెచ్చేవాణ్ణి, ఏదో నడుస్తున్నట్టు. లంచ్‌కి అందరికన్నా ఆఖర్న వెళ్ళి అందరికన్నా ముందు లేచేవాణ్ణి. భయంతో మూడు సర్టిఫికేషన్లు చేశాను, అందులో రెండు నా జన్మలో వాడలేదు. అయిదో నెలలో ఒక శుక్రవారం పిలిచి సోమవారానికి చెన్నై వెళ్ళమన్నారు. ఇచ్చిన గడువులోపల అక్కడ మనిషిని దింపుతామని చెప్పే ఆ పని పట్టుకున్నారట. ఎవరూ ఖాళీగా లేకపోతే దింపేదెవర్ని? నాలుగు నెలలూ నేను సిగ్గుపడింది దేనికో దాన్నే వాళ్ళు అమ్ముకున్నారు. నాకెవరూ చెప్పలేదంతే.

ఇదంతా తెలిసీ రాత్రి నా మొదటి ఆలోచన పార్క్ లేన్. అక్కడి కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్ళి 1 టీబీ ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే పీడా వదులుతుంది. ఫ్లైఓవర్ వేస్తే ట్రాఫిక్ వదిలినట్టు. చోటు ఎంత పెరిగినా నిండేదే. ఐబీఎం వాళ్ళు 1956లో తెచ్చిన మొట్టమొదటి డిస్కు యంత్రం రామాక్‌లో రెండడుగుల వెడల్పు పళ్ళేలు యాభై. టన్ను పైగా బరువు. అంతా కలిపి పట్టేది 5 మెగాబైట్ల లోపే. బ్రిడ్జి మీద మా అమ్మాయి తీసిన ఫోటో ఒక్కటి పెడితే నిండిపోతుంది. రెండో ఆలోచన క్లౌడ్. పేరుకు మబ్బేగానీ అదీ నేల మీదే ఉంది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ తెరిచాక మన చుట్టుపక్కల పొలాల్లోనే ఉంది.

కొనలేదు. లినక్స్‌ను పూర్తిగా ఆపి, డిస్క్‌పార్ట్ తెరిచి, ఆ ఫైలును చదవడానికి మాత్రమే తగిలించి, కాంపాక్ట్ అన్నాను. నల్ల తెర మీద శాతాలు మొదలయ్యాయి. 4 శాతం. 9 శాతం.

అమ్మకు నిద్రపట్టలేదేమో, వచ్చి పక్కన కుర్చీలో కూర్చుంది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా గీ రాత్రి?"

"శిఖంల కట్టిన ఇల్లు కూలగొడుతున్ననమ్మా."

"ఎవలు కట్టిన్రు?"

"నేనే."

ఇంకేమీ అడగలేదు. ఇద్దరం శాతాలు చూస్తూ కూర్చున్నాం. 61 దగ్గర చాలాసేపు ఆగిపోయింది. అమ్మ లేచి వెళ్ళి పడుకుంది. ఒంటిగంటకు ముందు నూటికి నూరయింది. డ్రైవ్ కింద గీత నీలంగా మారి, కుడివైపు తెల్లటి బయలు తేలింది. 74 జీబీ ఖాళీ. ఏమీ చేయకుండా కాసేపు దాన్నే చూశాను.

పొద్దున తెరిస్తే 49. నిన్న పగలంతా చాటుగా దిగుతున్న విండోస్ కొత్త వెర్షన్‌కు చోటు దొరికింది, రాత్రే ఎక్కేసింది. పాత విండోస్‌ను ఓల్డ్ అని పేరు తగిలించి పక్కన పెట్టుకుంది. పది రోజులు ఉంచి తనే తీసేస్తుందట. ఆ పదో రోజును క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుందామని తెరిస్తే, ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీటింగులే.